తీరగ్రామాల్లో తెర కట్టాలి

సంపాదకులకు నమస్కారం.

నీలి తిమింగలాల కోసం శ్రీలంక సముద్రంలోకి వెళ్లిన బృందానికి నీటిపై తేలే ప్లాస్టిక్ ఎదురవడంతో మొదలయ్యే 'ఎ ప్లాస్టిక్ ఓషన్' (2016) డాక్యుమెంటరీని చూసినప్పటి నుంచి, ఇటువంటి చిత్రాలు మన తీరగ్రామాలకు ఎందుకు చేరడం లేదన్న బాధ నన్ను వదలడం లేదు. తెగిన నైలాన్ వల మెడకు బిగిసి, కళ్ల నిండా ఇసుకతో పడివున్న ఆలివ్ రిడ్లే తాబేలును మా ఒడ్డున చూశాను. నీటిలో ఊగే క్యారీబ్యాగు తాబేలు కంటికి జెల్లీచేపలా ఎలా కనిపిస్తుందో గోడమీది పోస్టరు కంటే కదిలే బొమ్మే బాగా చెప్పగలదు. థియేటర్లలో పొగాకు హెచ్చరిక వేస్తున్నట్టే తీర జిల్లాల్లో రెండు నిమిషాల తెలుగు లఘుచిత్రం వేయించాలని, ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధంతో మత్స్యకారులు ఇళ్ల వద్దే ఉండే రోజుల్లో వారి వాడల్లో తెర కట్టి ప్రదర్శనలు ఇవ్వాలని ప్రభుత్వాన్ని కోరుతున్నాను.

– ఒక పాఠకురాలు, విశాఖపట్నం