‘వ్యూహాత్మకం’ ఎక్కడ వాడాలి, ఎక్కడ వద్దు

విజయనగరం

ఒరే బావా,

నీ వ్యాసం చిత్తుప్రతి అందింది. మన రెండు జిల్లాల రేవులూ, రైలు మార్గాలూ, కాలువలూ ఒక్కచోట చేర్చాలన్న ఆలోచన బావుంది, సేకరించిన సమాచారమూ బావుంది. ఇబ్బందల్లా విశేషణాలతోనే. జంక్షనూ వ్యూహాత్మకమే, బ్యారేజీ వ్యూహాత్మకమే, పద్మనాభ యుద్ధమూ వ్యూహాత్మకమే అంటే ఏది ఎందుకు ముఖ్యమో చదివేవాడికి తెలిసేదెలా?

‘ఆత్మక’ అంటే ఆ స్వభావం కలది అని. అంచేత ‘వ్యూహాత్మక’ అన్నది మనుషులు వేసే అడుగుకి చక్కగా అతుకుతుంది: వ్యూహాత్మక నిర్ణయం, వ్యూహాత్మక ఒప్పందం, వ్యూహాత్మక మౌనం. కొండకీ, రేవుకీ, రైలు పట్టాలకీ వ్యూహం ఉండదు. వాటిని చూసుకుని మనుషులే పన్నుతారు. చోటు గురించి రాసేటప్పుడు ‘వ్యూహపరంగా కీలకమైన’ అనో, ‘వ్యూహాత్మక ప్రాముఖ్యం ఉన్న’ అనో రాయి. పత్రికల్లో ‘వ్యూహాత్మక ప్రాంతం’ అని రోజూ వస్తుంది కదా అంటావు. శీర్షికలో చోటు తక్కువ, అక్కడ చెల్లుతుంది. వ్యాసం నడుమ మాత్రం పూర్తిగా చెప్పడమే మేలు. పైగా ‘కోటని వ్యూహాత్మకంగా కట్టారు’ అంటే కట్టినవాళ్ళ ఆలోచనని మెచ్చుకున్నట్టు, ‘కోట వ్యూహపరంగా కీలకం’ అంటే అది ఉన్న చోటుకి విలువ కట్టినట్టు. నీ మూడో పేరాలో ఈ రెండూ కలగాపులగం అయ్యాయి.

‘ప్రతిష్ఠాత్మక’ని దీనికి జంటగా వాడకు. అది పేరుకీ పరువుకీ సంబంధించిన మాట. ఒక ప్రాజెక్టు ప్రభుత్వానికి ప్రతిష్ఠాత్మకం కావచ్చు, అయినా అది ఆగితే ఎవరి పనీ ఆగకపోవచ్చు. ఎవరూ పట్టించుకోని చిన్న వంతెన కూలితే మన్యం సగం ఆగిపోవచ్చు. కీలకమైనది ఆ వంతెనే.

ఇక జంక్షన్ వాక్యం. నువ్వు రాసింది: ‘విజయనగరం అత్యంత వ్యూహాత్మకమైన, ప్రతిష్ఠాత్మక రైల్వే జంక్షన్.’ ముందు విశేషణాలన్నీ తీసెయ్. మిగిలేది ‘విజయనగరం రైల్వే జంక్షన్’, అంతే. అంటే వాక్యంలో సమాచారం లేదన్నమాట. ఇప్పుడు మూడు ప్రశ్నలు వేసుకో: ఎవరికి ముఖ్యం, దేనికి ముఖ్యం, అది లేకపోతే ఏది ఆగుతుంది? జవాబులు రాస్తే ఇలా వస్తుంది: ‘హౌరా-చెన్నై ప్రధాన మార్గం నుంచి బొబ్బిలి, పార్వతీపురం, రాయగడ మీదుగా రాయపూర్ వెళ్ళే లైను విజయనగరం దగ్గరే చీలుతుంది. 1931లో ఈ లైను రాయపూర్ దాకా పూర్తయింది, 1933లో విశాఖ రేవు తెరుచుకుంది. మధ్య భారతం సరుకు సముద్రానికి చేరే దారిలో ఈ జంక్షన్ కీలకం.’ చూశావా, ‘అత్యంత’ అక్కర్లేకుండానే బరువొచ్చింది. కొత్తవలస జంక్షన్‌కీ ఇదే పద్ధతి. ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్ల గనుల ఇనుప ఖనిజం అక్కడి కిరండూల్ స్టేషన్ నుంచి విశాఖ వైపు దిగే లైను కొత్తవలస దగ్గర ప్రధాన మార్గంలో కలుస్తుందని చెప్పెయ్, విశేషణం దానంతట అదే వస్తుంది.

‘కీలక’ అన్న మాట రాసే ముందు తలుపు కీలుని తలుచుకో. రెండు వైపుల్ని కలిపి, తిరగనిచ్చేది కీలు. జంక్షన్లకీ, వంతెనలకీ, కనుమదారులకీ సరిగ్గా సరిపోతుంది. గొట్టా బ్యారేజీకి అది చాలదు. వంశధార నది నీళ్ళు అక్కడ కట్టడి చేసి ఎడమ, కుడి కాలువల్లోకి మళ్ళిస్తేనే కింద ఆయకట్టు తడుస్తుంది. అక్కడ దెబ్బ తగిలితే మొత్తం పడుకుంటుంది. దానికి ‘ఆయువుపట్టు’ అను. కానీ అది నామవాచకం, దాన్ని ‘ఆయువుపట్టైన’ అని సాగదీస్తే వికారంగా ఉంటుంది. ‘వంశధార ఆయకట్టుకి గొట్టా బ్యారేజీ ఆయువుపట్టు’ అని వాక్యం చివర పెట్టు. వ్యాసం మొత్తం మీద ఒక్కసారే వాడు, రెండోసారికి పదును పోతుంది.

యుద్ధానికి వేరే మాట కావాలి. 1794 జూలై 10న పద్మనాభం దగ్గర విజయనగరం రాజు చిన విజయరామరాజు ఈస్టిండియా కంపెనీ సేనతో పోరాడి చనిపోయారు. సంస్థానం తలరాత ఆ రోజుతో తేలిపోయింది. ఫలితం తేల్చిన సంఘటన గనక ‘నిర్ణాయక యుద్ధం’ అనాలి. ‘నిర్ణయాత్మక’ కూడా వాడుకలో ఉంది, తప్పులేదు. ఏ చోటుకీ మాత్రం ఇవి తగిలించకు.

కళింగపట్నం దగ్గర నీ పొరపాటు విశేషణంలో లేదు, కాలంలో ఉంది. ‘వ్యూహాత్మక రేవు పట్టణం కళింగపట్నం’ అంటే ఇవాళ అక్కడ ఓడలు ఆగుతున్నట్టుంది. వంశధార సముద్రంలో కలిసేచోట ఉండబట్టి, పక్కనే శాలిహుండం బౌద్ధ క్షేత్రం వెలసిన రోజుల్నుంచీ ఆ తీరానికి విలువ ఉంది. ‘ఒకప్పుడు వర్తకానికి కీలకమైన రేవు’ అని రాయి. అలాగే శ్రీకాకుళం తీరంలోని మూలపేట రేవు ఇంకా కట్టుబడిలో ఉన్నది. ‘వ్యూహపరంగా కీలకం కాగల’ అంటే నిజం చెప్పినట్టు.

ఏ రంగంలో కీలకమో కూడా చెప్పు బావా. వర్తకమా, సాగునీరా, రక్షణా? ‘వ్యూహం’ అనగానే చాలామందికి సైన్యమే తోస్తుంది. విశాఖలో తూర్పు నౌకాదళ కేంద్రం ఉంది కాబట్టి అక్కడ ‘రక్షణపరంగా కీలకం’ అని తిన్నగా అనొచ్చు. గొట్టా గురించి అలా అనలేం కదా.

చిన్న సవరణలు: ‘ప్రాముఖ్యత’ కాదు, ‘ప్రాముఖ్యం’. ముఖ్యత్వం ఆ మాటలోనే ఉంది, మళ్ళీ ‘త’ ఎందుకు? ‘ప్రాధాన్యత’ కూడా అంతే. ఈ రెండూ ఒకటి కావని కూడా గుర్తుంచుకో: విలువ చెప్పడానికి ప్రాముఖ్యం, ఏ పని ముందో చెప్పడానికి ప్రాధాన్యం. ‘గొట్టా గేట్ల మరమ్మతుకి ప్రాధాన్యం ఇవ్వాలి’ అన్న నీ వాక్యం అచ్చంగా ఉంది, దాన్ని ముట్టుకోకు.

కోట పేరా, కళింగపట్నం పేరా తిరగరాసి ముందు ఆ రెండే పంపు. మిగతావి ఆ వరసలోనే సర్దుకోవచ్చు. ఇంట్లో అందరినీ అడిగానని చెప్పు.

ఉంటాను,
నీ బావ