గమ్ అక్కకు, వేపచెట్టు కింది టేబుల్‌కు

అందరికీ నమస్తే. రాత్రి ఒంటిగంట దాటింది. ఈ రూంల మంచాలు మూడు, మనుషులం ఆరుగురం. కిటికీ కింద చాప మీద పండుకొని, వెలుతురు ఎవ్వరి కండ్లల్ల పడకుండ ఫోను దుప్పట్ల పెట్టుకొని రాస్తున్న. తప్పులుంటే ఏమనుకోకండి. నాలుగు రోజుల నుంచి సక్కగ నిద్ర లేదు. రేపటి నుంచి క్లాసులు. ఇయ్యాల రాయకపోతే మళ్ళ రాయను, నా సంగతి నాకు తెలుసు.

ఇయ్యాల మధ్యాహ్నం నా ఎమ్మెస్సీ అడ్మిషన్ పక్కా అయింది. సీపీగెట్, అదే పీజీ ఎంట్రెన్స్, రెండో విడతల సీటొచ్చింది. హైదరాబాద్‌ల ఒక యూనివర్సిటీ. పేరు రాయను, ఎందుకో చదివితే మీకే అర్థమైతది. మా ఇంట్ల డిగ్రీ దాటింది నేనే మొదలు. మా ఊరు అచ్చంపేట దిక్కు.

సోమవారం తెల్లారకముందే బస్సెక్కిన. ఆధార్ కార్డు చూపిస్తే జీరో టికెట్ కొట్టిచ్చిన్రు. బ్యాగుల ఫైలు, ఫైలుల అన్ని కాగితాలు మూడు మూడు జిరాక్సులు. ఒక్క టీసీ తప్ప. మా డిగ్రీ కాలేజోళ్ళు ఇయ్యలే. (ఈ కాలేజీ పేరు కూడ రాయను. మా తమ్ముడు అక్కడ్నే సెకండియర్, వాని ఇంటర్ మెమోలు ఇంకా వాళ్ళ బీరువలనే ఉన్నయి.) ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయిలు రాలేదట. పద్దెనిమిది వేలు నువ్వు కట్టి తీస్కపో, పైసలు పడ్డంక నీకు వాపస్ ఇస్తం అన్నరు. పడేదెప్పుడో, ఇచ్చేదెప్పుడో.

సరే, అడిగి చూద్దాం, మనుషులే కదా ఉండేది అనుకొని వచ్చిన.

గేటు కాడికి వచ్చేసరికి పదిన్నర. ఒక బిల్డింగుల వెరిఫికేషన్, ఇంకో బిల్డింగుల సంతకం, మూడోదాంట్ల చలాన్ నంబర్ ఎక్కించుడు. ఏది ముందు, ఏది వెనుక అని రాసిన బోర్డు ఒక్కటి లేదు. నాలుగు లైన్లల్ల నిలబడితే అందులో రెండు నావి కావట. ఆఖరికి సరైన కౌంటర్ కాడ నా వంతు వచ్చేసరికి రెండు దాటింది. ఆ సారు ఫైలు తిరగేసి, తలెత్తకుండనే "టీసీ లేకుంటే అడ్మిషన్ లేదమ్మా, తర్వాత ఎవరు" అన్నడు. అదే రోజు ఆఖరి తేదీ.

బయట వేపచెట్టు కింద ప్లాస్టిక్ టేబుళ్ళు ఏసుకొని సీనియర్లు కూసున్నరు. ఒక్కో సంఘానికి ఒక్కో టేబుల్. ఒకదాని మీద అంబేడ్కర్, ఫూలే ఫోటోలు, ఒకదాని మీద భగత్ సింగ్, ఇంకోదాని మీద వివేకానంద. అన్నిటి వెనుక కట్టిన ఫ్లెక్సీల మీద ఒక్కటే మాట, నూతన విద్యార్థులకు స్వాగతం అని. నేను పొద్దటి నుంచి వాటిని తప్పించుకొని చుట్టు తిరిగి పోతున్న. మా ఊరి సారు చెప్పి పంపిండు: "ఆ టేబుళ్ళ దిక్కు పోకు బిడ్డా, పేరు రాసుకొని ధర్నాలకు తీస్కపోతరు." అమ్మ భయం ఇంకోటి, ర్యాగింగ్. ముందటి రాత్రే ఆన్‌లైన్‌ల యాంటీ ర్యాగింగ్ హామీ పత్రం నింపినం. సీనియర్లు ఏమేం చెయ్యొద్దో అందుల వరుసగ రాసి ఉంటది. అది చదివినంక సీనియర్ అంటేనే గుండె దడ. ఏం చేస్తరో మాత్రం ఆ కాగితంల యాడ లేదు.

మెట్ల మీద కూసోని ఏడ్చిన. చున్నీ అడ్డం పెట్టుకొని, ఎవరికీ కనపడకుండ అనుకుంట.

ఎవరో వచ్చి పక్క మెట్టు మీద కూసున్నరు. చేతిల గమ్ బాటిల్ ఉన్నది.

"ఏ డిపార్ట్‌మెంట్ చెల్లె?"

చెప్పిన.

"ఏం లేదన్నరు?"

"టీసీ."

"మెమోలు, ప్రొవిజనల్ ఉన్నయా?"

"ఉన్నయి."

టైము చూసుకున్నది. "కౌంటర్ నాలుగింటికి బంద్ చేస్తరు. ఇప్పుడు రెండున్నర. ఒక ఐదు నిమిషాలు ఏడ్వు, మంచిగ ఏడ్వు. తర్వాత టైముండదు."

పుట్టినప్పటి నుంచి నాకు ఏడ్వకు అని చెప్పినోళ్ళే. నాకు నవ్వొచ్చింది, నవ్వుకుంట ఇంకా ఎక్కువ ఏడ్చిన. ఆమె నిజంగనే ఐదు నిమిషాలు ఒక్క మాట మాట్లాడలే. బాటిల్ మూతకు ఎండి పట్టుకున్న గమ్మును గోరుతోని గీకుకుంట కూసున్నది.

తర్వాత నన్ను టేబుల్ కాడికి తీస్కపోయి స్టీలు డబ్బా మూత తీసింది. జొన్నరొట్టెలు, పల్లీల తొక్కు. "తినుకుంట రాయి" అని తెల్ల కాగితం ముందర పెట్టింది. ఆమె ఇంగ్లీషుల చెప్తుంటే నేను రాసిన. నాకు ఫలానా కారణం వల్ల టీసీ రాలేదు, పదిహేను రోజుల్లోపు ఇస్తాను, ఇయ్యకపోతే అడ్మిషన్ రద్దు చెయ్యొచ్చు అని. కింద సంతకం. దాన్ని అండర్‌టేకింగ్ అంటరట. అక్క వచ్చిన కాడికెల్లి ఏటా ఎంతోమందితోని రాయించిందట. డిపార్ట్‌మెంట్ హెడ్ సంతకం పెడితే కౌంటర్‌ల తీస్కుంటరు.

మరి ఆ కౌంటర్ సారుకు ఈ సంగతి తెల్వదా అంటే, తెలుసు. తర్వాత కాగితం ఇచ్చినప్పుడు నేనే అడిగిన, సార్ ముందే చెప్తే అయిపోవు గదా అని. "నువ్వు అడగలేదు గదమ్మా" అన్నడు. నాకు ఆ పేరే తెల్వదు, ఏమని అడగాలె? రూలు బుక్కుల ఉంటది, బుక్కు బీరువల ఉంటది, బీరువ తాళం చెవి ఉన్నాయన లంచ్‌కు పోయి ఉంటడు. కాలేజీలు పిల్లల ఒరిజినల్స్ పట్టుకొని కూసోవద్దని, యూనివర్సిటీలను చూసుకునే యూజీసీ 2018లనే నోటిఫికేషన్ ఇచ్చిందని కూడ అక్కనే చెప్పింది. నేను ధైర్యం చేసి మా పాత కాలేజీ క్లర్కుకు ఫోన్ చేసి చెప్తే, "అయితే యూజీసీనే తీస్కరా, కుర్చేస్త" అన్నడు. ఈ ముచ్చట మీద రాయాలంటే ఇంకో పోస్టు పడ్తది, వద్దులే.

హెడ్ మేడం మీటింగ్‌ల ఉన్నది. మూడుంబావు. మేడం బయటికొచ్చేదాక డిపార్ట్‌మెంట్ వరండల నిలబడ్డం. సంతకం అయ్యేసరికి మూడు నలభై. ఆ ఎండల అక్క ముందర, నేను ఎనుక, అడ్మిషన్ బిల్డింగు దాక ఉరికినం. మూడు యాభైకి ముద్ర పడ్డది. ప్రొవిజనల్ అడ్మిషన్, అంటే టీసీ ఇచ్చేదాక తాత్కాలికం. నేను ఆ ముద్ర దిక్కే చూస్తుంటే అక్క "చెరిపేవు, ఇంకా తడిగున్నది" అన్నది.

అయిపోయిందనుకున్న. కాలే. హాస్టల్ సంగతి అడిగితే, అడ్మిషన్లన్ని ముగిసినంక అప్లికేషన్లు తీస్కుంటం, తర్వాత లిస్టు పెడ్తం అన్నరు. నెల పట్టొచ్చు, నెలన్నర పట్టొచ్చు. క్లాసులు మాత్రం శుక్రవారం నుంచే. ఈ నడుమ ఊర్ల నుంచి వచ్చిన ఆడపిల్ల యాడ పండాలె? అడిగిన, నిజంగనే అడిగిన. "బంధువులెవరూ లేరా?" అన్నరు. గేటు బయట ప్రైవేటు హాస్టళ్ళు అడ్వాన్సు చెప్తుంటే నా పర్సు నాకే నవ్వులాటగ అనిపించింది.

చీకటి పడుతున్నది. చెట్టు వెనుకకు పోయి అమ్మకు ఫోన్ చేసిన. "అంతా అయిపోయిందమ్మా, హాస్టల్ ఇచ్చిన్రు, మంచం కూడ ఇచ్చిన్రు" అని చెప్పిన. అమ్మ నమ్మలే. మా అమ్మకు నా గొంతు తెలుసు. "ఎవరున్నరు నీ పక్కన? ఇయ్యి ఒకసారి" అన్నది. ఎవ్వరు లేరని ఎట్ల చెప్పాలె అని నిలబడ్డ. ఎనుక నుంచి చెయ్యొచ్చి ఫోన్ తీస్కున్నది.

"అమ్మా, నమస్తే. నేను మీ బిడ్డ సీనియర్‌ను. నా రూంలనే ఉంటది. మాది కూడ ఊరేనమ్మా, ఆదిలాబాద్ దిక్కు. మీరు తిని పండుకోండి. పొద్దుగాల ఆరింటికి నేనే ఫోన్ చేపిస్త."

అంతే. ఆ మాటలకు నాకు కాళ్ళల్ల సత్తువ పోయింది. పొద్దటి నుంచి కౌంటర్ల కాడ పడని కన్నీళ్ళు కూడ అప్పుడే పడ్డయి. మర్నాడు ఆరింటికి లేచి చూస్తే ఆమె అప్పటికే మా అమ్మతోని మాట్లాడుతున్నది, జొన్నరొట్టెకు నీళ్ళు ఏడిగ పోయాల్నా సల్లగ పోయాల్నా అని.

క్యాంపస్‌ల నాలాంటోళ్ళను నాన్ బోర్డర్ అంటరు. లిస్టుల పేరు లేకున్నా, పేరున్నోళ్ళ రూంల పండుకునేటోళ్ళు. రూలు ప్రకారం తప్పే. ఆ తప్పు లేకుంటే నాలాంటోళ్ళు ఎంతమంది బ్యాగు తీస్కొని వాపస్ బస్సెక్కేటోళ్ళో. ఆ రాత్రి పదింటికి అక్క బిస్కెట్ ప్యాకెట్ తింటుంటే "అన్నం తినలేదా" అన్న. మెస్సు బంద్ అయిందన్నది. మధ్యాహ్నం నేను తిన్న డబ్బ ఎవరిదో అప్పుడు ఎరుకైంది. నాలుగు రొట్టెలుండె, నాలుగూ నేనే తిన్న. తొక్కు కూడ గీకిన.

పేరు రాయొద్దన్నది, రాయను. మాకందరికీ గమ్ అక్క. పీహెచ్‌డీ రెండో ఏడాది. ఇదంత ఎందుకు చేస్తున్నవక్కా అని బుధవారం అడిగిన. ఏదో పెద్ద మాట చెప్తదనుకున్న. "ఆ గమ్ బాటిల్ ఇటియ్యి" అన్నది.

ఓట్ల కోసం చేస్తరు అని మా ఊరి సారు అన్నడు. సార్, మన రాష్ట్ర యూనివర్సిటీలల్ల విద్యార్థి సంఘం ఎన్నికలు జరగక దశాబ్దాలు గడిచినయి. యాడి ఓట్లు? అవును, అక్కకు ఒక సంఘం ఉన్నది. అది ఏ సంఘమో రాస్తే కింద కొట్లాట మొదలైతది, రాయను. మంగళవారం మధ్యాహ్నం ఆ టేబుల్లోళ్ళు ఈ టేబుల్లోళ్ళు గొంతులు చించుకొని నినాదాలు చేసుకున్నరు. అరగంటైనంక అటు టేబుల్ అన్న వచ్చి "పిన్నులు అయిపోయినయి" అంటే ఇటు టేబుల్ నుంచి స్టేప్లర్ పోయింది. చెట్టు కింద అందరికీ కలిపి ఉన్నది ఒక్కటే స్టేప్లర్. సంఘాల మీద నాకు ఇంకా భయం పూర్తిగ పోలే, నిజం చెప్తున్న. మెంబర్‌షిప్ పుస్తకం నా ముందరకు కూడ వచ్చింది. ఆలోచిస్త అన్న. అక్క ఏమనలే.

స్కాలర్‌షిప్ సంగతి కూడ ఆమెనే చెప్పింది. ఆర్‌టీఎఫ్ అంటే ఫీజుది, ఎంటీఎఫ్ అంటే మెస్సు ఖర్చుది, రెండూ ఈపాస్ అనే స్కాలర్‌షిప్ వెబ్‌సైట్‌ల ఒక్క అప్లికేషన్ తోనే పోతయి, బ్యాంకు ఖాతాకు ఆధార్ లింకు ఉన్నదో లేదో ముందే చూసుకో అని. కొత్తగ వచ్చేటోళ్ళు ఎవరన్న ఇది చదువుతుంటే మీరు కూడ చూసుకోండి.

టీసీ ఇయ్యాల వచ్చింది. నాయిన పద్దెనిమిది వేలు కట్టిండట. యాడ తెచ్చిండో నేను అడగలే. తమ్ముడు టికెట్ పెట్టుకొని బస్సుల తెచ్చిచ్చి, నీళ్ళు కూడ తాగకుండ మళ్ళ బస్సెక్కిండు, వానికి రేపు ఇంటర్నల్ ఉన్నది. అమ్మకు, నాయినకు, తమ్మునికి థ్యాంక్స్. ఇంటోళ్ళకు ఏం చెప్తం.

వచ్చే వారం ఆడిటోరియంల దీక్షారంభ్ అట. 2019ల యూజీసీ మొదలుపెట్టిన పద్ధతి, కొత్తగ చేరిన పిల్లలను క్యాంపస్‌కు అలవాటు చేసుడు. మంచిదే, కాదనను. పెద్దోళ్ళు వస్తరు, బొకేలు ఇస్తరు, శాలువలు కప్పుతరు. ఒక్క శాలువ తక్కువ కొని, ఆ పైసలతోని ఏ కాగితం ఏ బిల్డింగుల ఇయ్యాల్నో ఒక బోర్డు రాయించి గేటు కాడ పెడితే మాకు అదే దీక్షారంభ్. నలుగురు కూసునే బెంచీ కూడ ఏస్తే ఇంకా మంచిది.

పంపుదామనుకుంటుంటే యాదికొస్తున్నరు. డిపార్ట్‌మెంట్ అటెండర్ సారు, మీటింగ్ లోపలికి పోయి మేడం చెవిల చెప్పి సంతకం పెట్టించింది ఆయననే. అసలు ఆయన లేకుంటే మూడు నలభైకి కూడ అయ్యేది కాదు, పైన రాసుడు మర్చిపోయిన, మన్నించండి సార్. జిరాక్స్ షాపు అన్న, పధ్నాలుగు రూపాయలు బాకీ ఉన్న, రేపు ఇస్త. బస్సుల పక్క సీటు పెద్దమ్మ, కల్వకుర్తిల దిగుకుంట జామకాయ చేతుల పెట్టి పోయింది. మా ఊరి మీసేవ తమ్ముడు ఆదివారం షటర్ తీసి ఇన్‌కమ్ సర్టిఫికెట్ ప్రింట్ తీసిచ్చిండు. ఈ రూంల మిగిలిన నలుగురు అక్కలు, మీ పేర్లు కూడ రాయను కానీ మీ దిండు నా దగ్గరున్నది. గేటు కాడ సెక్యూరిటీ అంకుల్, మొదటి రోజు మీరు కసిరితే తిట్టుకున్న, తర్వాత గొడుగు ఇచ్చింది కూడ మీరే.

ఇంకెవరినో మర్చిపోయిన, పేరు నోట్ల ఆడుతున్నది కానీ వస్తలేదు.

రేపు ఎనిమిదింటికి మూడో విడత పిల్లలు వస్తరట. నా క్లాసు పదింటికి, అప్పటిదాక నన్ను టేబుల్ కాడ కూసోమన్నది అక్క. గమ్ ఉన్నది. పిన్నులు మాత్రం నిజంగనే అయిపోయినయి. ఎవరన్న అటు దిక్కు నుంచి వస్తుంటే పది నంబర్ పిన్నుల డబ్బ రెండు తీస్కరండి, పైసలు ఇస్తం.