నూనె మిల్లు మారింది, గుత్తి వంకాయలో కొబ్బరి మానేశాం

గత వారం మా కర్రీ పాయింట్ షట్టర్ దించి ఉండటం చూసి చాలామంది ఫోన్ చేశారు. కొందరు 'షాపు అమ్మేశారటగా' అని కూడా అడిగారు. అమ్మలేదండీ. నూనె దగ్గర ఆగాం.

షాపు పెట్టినప్పటి నుంచి మా పొయ్యి మీద వేరుశనగ నూనె తప్ప ఇంకోటి లేదు. పామోలిన్ చవక, ఎక్కువ వేడిని తట్టుకుంటుంది, అందుకే బయట చాలాచోట్ల అదే వాడతారు. కానీ అందులో సంతృప్త కొవ్వు 40 శాతం పైనే ఉంటుంది. వేరుశనగ నూనెలో ఇంచుమించు సగమే. చెడు కొలెస్ట్రాల్‌ని పెంచేది ఆ కొవ్వే. స్టెంట్ వేయించుకున్న వాళ్లకు కూడా ఇక్కడి నుంచే కూరలు వెళ్తున్నాయి, ఆ సంగతి నేను మర్చిపోను.

ఏళ్ల తరబడి మాకు నూనె పోసే వ్యాపారి ఈసారి పంపిన టిన్నుల మీద వేరుశనగ కాయల బొమ్మ పెద్దగా ఉంది. పక్కన చిన్న అక్షరాల్లో 'బ్లెండెడ్ ఆయిల్, పామోలిన్ 80 శాతం, వేరుశనగ 20 శాతం'. మా వంటావిడ మూత తీయబోతూ చదివి నన్ను పిలిచింది. రెండు నూనెలు కలిపి అమ్మడం చట్టప్రకారం తప్పు కాదు, ఏది ఎంతో లేబుల్ మీద వేయాలి, వేశారు కూడా. కానీ నాకిచ్చిన బిల్లు మీద మాత్రం వేరుశనగ నూనె అనే ఉంది! ఫోన్ చేస్తే 'కూరలో కలిశాక ఎవరికి తెలుస్తుందమ్మా' అన్నాడు. రేటు పెరిగిందని ఒక్క మాట చెబితే కట్టేదాన్ని. నా కూర తినేవాళ్లకి ఏం పోసినా తెలియదని, దానికి నేనూ ఊరుకుంటానని అనుకున్నాడు చూడండి, అదే నాకు మింగుడు పడటం లేదు. టిన్నులన్నీ ఆటో ఎక్కించి వెనక్కి పంపేశాను. ఆయన దగ్గర మళ్లీ కొనను, సగం ధరకి ఇచ్చినా కొనను.

ఇప్పుడు కర్నూలు వైపు మిల్లు నుంచి నేరుగా తెప్పిస్తున్నాం. ఖర్చు పెరిగింది కాబట్టి వేపుళ్ల ప్యాకెట్ మీద ఐదు రూపాయలు ఎక్కువ. మిగతా వాటి ధర మారలేదు.

నన్ను నిద్ర పోనివ్వంది మాత్రం గుత్తి వంకాయ. నూనె గురించి ఇంత పట్టుబట్టే మనిషిని, కూరలోకి ఎండుకొబ్బరి గుప్పెడు గుప్పెడు వేస్తున్నాను. కొబ్బరిలో ఉండే నూనెలో 90 శాతం దాకా సంతృప్త కొవ్వే. అయితే ఆ మసాలా మా అత్తగారిది, చాలామంది ఆ కూర కోసమే వస్తారు. కొబ్బరి పూర్తిగా తీసేస్తే గ్రేవీ పలచబడింది, సగం వేస్తే అటూ ఇటూ కాలేదు. చివరికి వేయించిన పల్లీలు, నువ్వులు పెంచి, ఉల్లిపాయ బాగా ఎర్రగా వేయించి నూరితే చిక్కదనం వచ్చింది. కమ్మదనంలో కొంచెం తేడా ఉంది, లేదని అనను. అత్తగారు తిని 'ఇది వేరే కూర' అన్నారు. అయినా ఇదే ఉంటుంది. ఇంట్లో చేసుకునేవాళ్లు కూడా ఇలా చేసి చూడండి, కుర్మాలో కొబ్బరి పాలకి బదులు గసగసాలు, చిలికిన పెరుగు సరిపోతాయి.

ముద్దపప్పుతో ఇచ్చే నెయ్యి ఇక అడిగితేనే. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే లెక్కలో రోజుకి 2000 క్యాలరీలు తినే మనిషికి సంతృప్త కొవ్వు 22 గ్రాములు దాటకూడదు. పెద్ద చెంచా నెయ్యిలోనే 8 గ్రాములు పోతుంది. పెద్దవాళ్లకి, పిల్లలకి ఎవరికి ఎంతో మీకే తెలుసు.

పాత గుత్తి వంకాయ కావాలని ఆర్డర్ ఇవ్వొద్దు, చేయను. కొత్తది మంగళ, శుక్రవారాల్లో సాయంత్రం ఆరు నుంచి. నూనె టిన్ను లేబుల్ చూడాలనుకుంటే లోపలికి రండి, పొయ్యి పక్కనే ఉంటుంది.