బడి పక్కనే నీటి మర ఉంది, చూశారా?

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

పరీక్షల తేదీలు, బస్సు వేళలు వెనక పేజీలో ఉన్నాయి, ముందు అవి చూసేసి రండి. ఈ పేజీని మాత్రం ఈసారి నేను వేరే పనికి వాడుకుంటున్నాను.

మన బడి వెనక గేటు దాటాక వాగు వైపు ఒక డొంక దిగుతుంది. కారులో వెళ్లేవాళ్లకి అది దారిలా కూడా కనిపించదు, రెండు పొదల మధ్య సందులా ఉంటుంది. మెయిన్ రోడ్డు తవ్వేసి అటు పోనివ్వకపోవడంతో ఈమధ్య నేను ఆ డొంకలోంచి నడిచి వచ్చాను, చివర్లో చెట్ల మధ్య పాత నీటి మర కనిపించింది. కరెంటు లేకుండా, కేవలం వాగు నీళ్లతో ధాన్యం పిండి పట్టిన పిండిమర. ఇంత దగ్గర్లో ఇలాంటిదొకటి ఉందని స్టాఫ్ రూమ్‌లో అడిగితే తెలిసినవాళ్లు ఒక్కరే తేలారు, ఆయన కూడా చిన్నప్పుడు చూశారట.

ముందు ఆ దారి సంగతి. రెండు పక్కలా పొలాలు మనిషి నడుము ఎత్తులో ఉంటాయి, దారి మాత్రం కిందకి దిగిపోయి ఉంటుంది. దాన్ని ఎవరూ అలా తవ్వలేదు. బండి చక్రాలు, పశువుల గిట్టలు ఏళ్ల తరబడి మట్టిని వదులు చేస్తుంటే ప్రతి వానా దాన్ని కడిగి తీసుకుపోయింది. ఆరో తరగతి పాఠంలో 'నేల కోత' అని నాలుగు లైన్లు చదివించే బదులు ఆ గట్టు పక్కన పిల్లల్ని నిలబెడితే చాలు, ఈ మాట సోషల్ టీచర్ గారికి కూడా చెప్పాను.

ఇక మర. దాని చక్రం పైనుంచి నీళ్లు పడే రకం. వాగుకి ఎగువన అడ్డుకట్ట వేసి, సన్నని కాలువలో నీళ్లని చక్రం తలమీదకి తెచ్చారు. చక్రం అంచునున్న తొట్లు నిండుతుంటే ఆ బరువుకే అది తిరుగుతుంది. ఇంకో రకం కూడా ఉంది, చక్రం అడుగుభాగాన్ని పారే నీటిలో పెట్టి, ఆ ప్రవాహం తోసే ఊపుతో తిప్పేది. రెండిట్లో ఏది మేలో ఇంగ్లండ్‌లో జాన్ స్మీటన్ అనే ఇంజనీరు చిన్న నమూనా చక్రాలు చేసి కొలిచి చూశాడు. అవే నీళ్లు, అదే ఎత్తు అయితే పైనుంచి పడే నీళ్లు దాదాపు రెట్టింపు పని చేస్తాయని 1759లో ప్రకటించాడు. ఖరీదైన ల్యాబ్ ఏమీ లేకుండా, బరువులు పైకి లాగించి కొలిచాడు! మన తొమ్మిదో తరగతి వాళ్లు కూడా చేయగలిగిన ప్రయోగమే.

నేను మొదట లెక్కల టీచర్ని కాబట్టి నాకు ఎక్కువ నచ్చింది పళ్ల చక్రాలు. గది తాళం వేసి ఉంది కానీ కిటికీ చువ్వల్లోంచి కనిపిస్తాయి, ఇనుప చక్రానికి చెక్క పళ్లు బిగించి ఉంటాయి. విరిగితే ఆ ఒక్క పన్ను మార్చుకోవచ్చు, పైగా ఇనుముకి ఇనుము తగిలితే వచ్చే చప్పుడూ, నిప్పురవ్వల భయమూ తగ్గుతాయి, గాల్లో పిండి ధూళి ఎగిరే చోట నిప్పురవ్వ చాలా ప్రమాదం. పళ్ల లెక్కలో కూడా ఒక కిటుకు ఉంది. పెద్ద చక్రానికి 60, చిన్నదానికి 20 పళ్లు పెడితే చిన్నదాంట్లో ఒక్కో పన్ను ఎప్పుడూ పెద్దదాంట్లోని అవే మూడు పళ్లకి తగులుతూ ఉంటుంది, ఒకటి పాడైతే ఆ మూడూ అరిగిపోతాయి. అదే 60 బదులు 61 పెట్టండి, ప్రతి పన్నూ అన్నిటికీ వంతులవారీగా తగులుతుంది, అరుగుదల సమానం అవుతుంది. క.సా.గు. ఎందుకు నేర్చుకోవాలి సార్ అని అడిగే పిల్లలకి ఇంతకంటే మంచి జవాబు నా దగ్గర లేదు.

లోపలి రాళ్లు మన తిరగలి లాంటివే, కింది రాయి కదలదు, పైది తిరుగుతుంది. తిరిగేటప్పుడు రెండూ తగలకూడదు, మధ్య సన్నని ఖాళీ ఉండాలి. రాళ్ల మీది గాట్లు గింజని కత్తెరలా కోస్తూ పిండిని అంచుకి నెడతాయి. పైన గింజలు అయిపోవస్తే మోగేలా చాలా మరల్లో గంట కట్టేవారట, ఖాళీగా తిరిగితే రాళ్లు రాసుకుంటాయి కాబట్టి. 19వ శతాబ్దం చివర్లో ఉక్కు రోలర్ల మిల్లులు వచ్చాక చాలా దేశాల్లో ఇలాంటి మరలు ఒక్కొక్కటే మూతపడ్డాయి.

కాబట్టి నా విన్నపం, ఒక సాయంత్రం పిల్లల్ని తీసుకుని నడిచి వెళ్లండి. ఇది ప్రాజెక్టు కాదు, మార్కులు లేవు, చార్టు అసలే వద్దు. ఫోటోలు తీసి క్లాసు గ్రూపులో పెట్టాల్సిన పని కూడా లేదు. మీ ఇంట్లో పెద్దవాళ్లుంటే వాళ్లనీ రమ్మనండి, మీకు తెలియని సంగతులు వాళ్ల నుంచే బయటికొస్తాయి.

జాగ్రత్తలు మాత్రం గట్టిగా చెప్తున్నాను. చక్రం కింది గుంట లోతుగా ఉంది, రాళ్లు నాచు పట్టి జారుతున్నాయి. చక్రం తిరగడం లేదు కదా అని దాని మీదకి ఎక్కించొద్దు, చెక్క పుచ్చిపోయింది. వాన పడిన రోజు అసలు వెళ్లొద్దు, పిల్లల్ని ఒంటరిగా ఎప్పుడూ పంపొద్దు. లోపలికి తీసుకెళ్లడానికి స్థలం యజమానిని అడిగాం, ఒప్పుకుంటే ఏడో తరగతి నుంచి మొదలుపెట్టి చిన్న చిన్న బృందాలుగా మేమే తీసుకెళ్తాం, అనుమతి పత్రం డైరీలో పంపిస్తాం.

మీ
ప్రధానోపాధ్యాయుడు