మొజాయిక్ నేలకు సిమెంటు వైద్యం వద్దు

సంపాదకులకు,

మీ ఆదివారం అనుబంధంలో రోమన్ విల్లాల మీద వచ్చిన వ్యాసంలో ఫొటోలు కన్నులపండువగా ఉన్నాయి. కానీ మొజాయిక్ నేలల్లో బొమ్మలుగా కూర్చిన రంగురాళ్లను సిమెంటులో పొదిగారన్న మాట తప్పు. పొదిగింది సున్నంలో. ఇరవయ్యో శతాబ్దంలో ఆ నేలలను ఎక్కువగా పాడుచేసింది సిమెంటే కాబట్టి దీన్ని వదిలేయడానికి లేదు.

క్రీ.పూ. 1వ శతాబ్దంలో రోమన్ వాస్తుశిల్పి విట్రూవియస్ ఈ నేల కట్టుబడిని కొలతలతో సహా రాసిపెట్టాడు. ముందు మట్టిని దిమ్మిస కొట్టి, పిడికిటికి తగ్గని రాళ్లు పరవాలి. దానిపైన కంకర, సున్నం: కొత్త కంకరైతే మూడు పాళ్లకు ఒకటి, పాత కట్టడాలు పడగొట్టి తెచ్చిందైతే అయిదు పాళ్లకు రెండు. బాగా దిమ్మిస కొట్టాక కూడా మందం 22 సెం.మీ.కు తగ్గకూడదు. ఆపైన మూడు పాళ్ల పెంకుపొడికి ఒక పాలు సున్నం, మరో 11 సెం.మీ. మన డంగు సున్నంలో సుర్కీ (ఇటుకపొడి) లాగే ఈ పెంకుపొడి వల్ల సున్నం తేమలోనూ గట్టిపడుతుంది. అప్పుడు పలచటి సున్నపు పూత వేసి, అది ఆరేలోగా సుమారు సెంటీమీటరు రాతిముక్కలు కూర్చాలి. బొమ్మల ముఖాల దగ్గర ఇంకా చిన్నవి. అయితే బ్రిటన్ తవ్వకాల్లో బయటపడ్డ రోమన్ నేలల్లో చాలాచోట్ల ఇంత మందం కనబడదు. మేస్త్రీలు ఎక్కడైనా మేస్త్రీలే.

ఇరవయ్యో శతాబ్దంలో ఈ నేలలను మ్యూజియానికి తరలించేవారు పైన గుడ్డను జిగురుతో అంటించి, నేలను అడుగునుంచి కోసి, ఇనుప చువ్వలు వేసిన సిమెంటు పలకలకు ఎక్కించేవారు. తేమకు చువ్వ తుప్పుపట్టి ఉబ్బుతుంది, పలక పగిలి ముక్కలు పైకి లేస్తాయి. సిమెంటులోని లవణాలు రాతి రంధ్రాల్లో స్ఫటికాలై పైపొరను రాల్చేస్తాయి. పోనీ ఊడదీద్దామంటే, సిమెంటుకంటే మెత్తనైన రాయే ముందు విరుగుతుంది. ఇప్పుడు తేలికైన అల్యూమినియం పలకలు వాడుతున్నారు.

అసలు కదపకపోవడమే మేలు. వేలి కణుపుతో తట్టితే బోలు చప్పుడు వచ్చినచోట, అంటే కింద పొర విడిపోయినచోట, సన్నటి రంధ్రంలోంచి సిరంజితో సున్నపు జారు ఎక్కిస్తారు. ముందుగా లోపల తడపకపోతే పాత సున్నం నీటినంతా పీల్చేసుకుంటుంది, కొత్తది పొడిపొడిగా మిగిలిపోతుంది.

పైకప్పు వేస్తే చాలనుకోవడమూ పొరపాటే. సిసిలీలోని విల్లా రొమానా దెల్ కసాలేలో దాదాపు 3,500 చదరపు మీటర్ల మొజాయిక్ ఉంది. తవ్వకాల తర్వాత వేసిన పారదర్శక కప్పు కింద ఎండాకాలం ఉడుకు, చెమ్మ పట్టి నేల దెబ్బతింది. చివరికి దాన్ని తీసి, వెలుతురు చొరని, గాలి ఆడే కప్పు వేయాల్సివచ్చింది.

ఇంగ్లండ్‌లోని వుడ్‌చెస్టర్ రోమన్ మొజాయిక్‌ను మళ్లీ మట్టిలో కప్పేశారని మీ వ్యాసకర్త బాధపడ్డారు. దాన్ని 1973లో జనానికి చూపించి తిరిగి పూడ్చారు. నా దృష్టిలో అది సరైన నిర్ణయం, పూడ్చే పద్ధతి సరిగా ఉంటే. జల్లించిన ఇసుక మొజాయిక్‌కు ఆనేలా పోసి, పైన మట్టి వేయాలి. ఇసుకకు బదులు ప్లాస్టిక్ పట్టా పరిస్తే చెమ్మ దాని కిందే నిలిచిపోతుంది, వేళ్లు ఆ చెమ్మను వెతుక్కుంటూ ముక్కల సందుల్లోకే దిగుతాయి.

– ఒక పురావస్తు పరిరక్షకుడు, గుంటూరు