పికప్‌కు సూపర్‌ఛార్జర్ బిగించుకునే ముందు

సంపాదకులకు నమస్కారం.

ఎండాకాలం వస్తే కొల్లాపూర్ మామిడి, నల్లగొండ బత్తాయి ఎత్తుకుని పికప్ బండ్లు రాత్రింబవళ్లు బాటసింగారం మార్కెట్‌కు పరుగెత్తుతాయి. లోడు మీద బండి లాగడం లేదన్న మాట కూడా ఈ రోజుల్లోనే ఎక్కువ వినబడుతుంది. దీనికి మందుగా ఈ మధ్య సూపర్‌ఛార్జర్ పేరు ప్రచారంలోకి వచ్చింది. ఆన్‌లైన్‌లో తక్కువ ధరకు దొరికే చిన్న ఫ్యానునూ, అమెరికా పికప్‌లకు బిగించే లక్షల రూపాయల కిట్టునూ ఒకే పేరుతో పిలుస్తున్నారు. కిరాయిల మీద ఇల్లు గడుపుకునే ఓనర్లు, డ్రైవర్లు ఈ మాయలో పడి నష్టపోకూడదని ఈ ఉత్తరం రాస్తున్నాను. దయచేసి ప్రచురించగలరు.

అసలు సూపర్‌ఛార్జర్ అంటే క్రాంక్ పుల్లీ (ఇంజన్ తిప్పే ముందు చక్రం) నుంచి బెల్టుతో తిరుగుతూ ఇంజన్‌లోకి గాలిని ఒత్తిడితో నెట్టే పంపు. టర్బో చేసేదీ అదే పని. అయితే అది పొగగొట్టంలోకి పోయే వేడి పొగ బలంతో తిరుగుతుంది. ఫోర్డ్ ఎఫ్-150, షెవర్లే సిల్వరాడో లాంటి అమెరికా పికప్‌లలో టర్బో లేని పెద్ద వీ8 పెట్రోల్ ఇంజన్లు ఉంటాయి కాబట్టి అక్కడ ఈ కిట్లకు గిరాకీ ఉంది. రూట్స్, ట్విన్ స్క్రూ రకాలు ఇంజన్ నెత్తిన ఇన్‌టేక్ మానిఫోల్డ్ (సిలిండర్లకు గాలి పంచే గొట్టాలు) స్థానంలో కూర్చుని తక్కువ ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజన్ చుట్లు) నుంచే గాలి అందిస్తాయి. బరువు లాగే బండికి సరిపోయేవి ఇవే. సెంట్రిఫ్యూగల్ రకం ఆర్‌పీఎం పెరిగేకొద్దీ బలం చూపిస్తుంది కాబట్టి రోడ్డు మీద వేగం కోరుకునేవాళ్లకు నప్పుతుంది. కంపెనీ ఇంజన్‌ను లోపల విప్పకుండా బిగించే కిట్లు సాధారణంగా 6 నుంచి 9 పీఎస్‌ఐ (ఒత్తిడి కొలత) బూస్ట్, అంటే అదనపు గాలి ఒత్తిడి, దగ్గర ఆగుతాయి.

ఆ కిట్టు అంటే ఒక్క పంపు కాదు. ఇంటర్‌కూలర్ (ఒత్తిడికి వేడెక్కిన గాలిని చల్లబరిచేది), దానికి వేరే నీళ్ల పంపు, ముందు వైపు చిన్న రేడియేటర్, పెద్ద ఇంజెక్టర్లు, పొడవాటి బెల్టు, టెన్షనర్, ఒక మెట్టు చల్లటి (వేడిని త్వరగా వదిలే) స్పార్క్ ప్లగ్‌లు, ఆఖరికి ఈసీయూ (ఇంజన్‌ను నడిపే కంప్యూటర్) ట్యూనింగ్ ఉంటాయి. షెవర్లే ఎల్‌ఎస్ ఇంజన్లలో క్రాంక్ పుల్లీకి కీ (జారకుండా పట్టే ఇనుప ముక్క) ఉండదు, బోల్టు బిగువు మీదే నిలబడుతుంది. సూపర్‌ఛార్జర్ లాగుడుకు అది జారకుండా డ్రిల్ చేసి పిన్ను కొట్టాలి. బెల్టు జారితే ఆర్‌పీఎం పెరిగినా బూస్ట్ పడిపోతుంది. పెట్రోల్ చాలకపోయినా, తక్కువ ఆక్టేన్ పెట్రోల్ పోసినా నాకింగ్ (పెట్రోల్ వేళ తప్పి పేలడం) వచ్చి పిస్టన్ రింగుల గాడులు విరుగుతాయి. ఆ దేశంలో అనుభవమున్న ట్యూనర్లు ప్రతి ఇంజన్‌కూ లెక్క కట్టి చేసే పని ఇది.

మన మహీంద్రా బొలెరో పికప్, టాటా యోధ చాలావరకు డీజిల్ బండ్లు. వీటికి టర్బో, ఇంటర్‌కూలర్ కంపెనీ నుంచే వస్తాయి. దాని మీద సూపర్‌ఛార్జర్ పెడితే బెల్టు లాగే శక్తి ఇంజన్ నుంచే పోతుంది. గాలి పెరిగినా దానికి తగ్గ డీజిల్ పడకపోతే బలం రాదు. డీజిల్ కూడా పెంచారనుకోండి, వేడి పెరిగి హెడ్ గాస్కెట్, పిస్టన్, క్లచ్ ప్లేట్ ఒకదాని వెంట ఒకటి పోతాయి. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్-6 (పొగ కాలుష్య ప్రమాణం) బండ్లలో సెన్సర్లు తేడా పసిగట్టి బండిని లింప్ మోడ్‌లోకి, అంటే బలం తగ్గించి నడిపే స్థితిలోకి, నెడతాయి.

ఇక ఆన్‌లైన్‌లో దొరికే 12 వోల్టుల ఫ్యాను సంగతి. రెండున్నర లీటర్ల ఇంజన్ 3000 ఆర్‌పీఎం దగ్గర టర్బో లేకుండానే నిమిషానికి 3750 లీటర్ల గాలి పీలుస్తుంది. ఆ గాలికి 0.3 బార్ ఒత్తిడి ఇవ్వాలంటే సుమారు 3 కిలోవాట్ల కరెంటు కావాలి. అంటే 12 వోల్టుల మీద 250 ఆంపియర్లు. పికప్ ఆల్టర్నేటర్ అంత ఇవ్వలేదు. సన్న వైర్లతో వచ్చే ఆ ఫ్యాను గాలి పైపులో అడ్డం తప్ప మరేమీ కాదు. దాని రెక్క విరిగితే నేరుగా టర్బోలోకే పోతుంది.

చట్టం కూడా ఒప్పుకోదు. మోటారు వాహనాల చట్టం 1988లోని సెక్షన్ 52 ప్రకారం కంపెనీ ఇచ్చిన రూపాన్ని ఇష్టం వచ్చినట్టు మార్చకూడదు. 2019 సవరణలో వచ్చిన సెక్షన్ 182ఏ ప్రకారం అనుమతి లేని ప్రతి మార్పుకూ ఓనర్‌కు 5000 రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల దాకా జైలు గానీ, రెండూ గానీ పడవచ్చు. ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ దగ్గర పేచీ తప్పదు.

మరి బండి ఎందుకు లాగడం లేదు? ముందు ఎయిర్ ఫిల్టర్, డీజిల్ ఫిల్టర్, క్లచ్, పట్టేసిన బ్రేకులు చూడాలి. అవి బాగుంటే గాలి ఎక్కడో కారిపోతోందన్నమాట. టర్బో నుంచి ఇంటర్‌కూలర్‌కు, అక్కడి నుంచి మానిఫోల్డ్‌కు పోయే హోసుల మీద నూనె మరకలుంటే లీకు అక్కడే ఉంటుంది. టర్బో మూతికి బిరడా బిగించి, రెగ్యులేటర్‌తో 1 బార్ మించకుండా గాలి వదిలి, సబ్బు నీళ్లు చల్లితే చీలిన హోసు, వదులైన క్లాంపు, ఇంటర్‌కూలర్ ప్లాస్టిక్ ట్యాంకు అంచు బుడగలతో పట్టిస్తాయి. నల్ల పొగ, లాగుడు తగ్గడం రెండూ కలిసి వస్తే పదింట ఎక్కువసార్లు ఈ పరీక్షతోనే తేలిపోతుంది. అయినా మన దగ్గర దీన్ని చేసేవాళ్లు తక్కువ. నేరుగా టర్బో పోయిందని చెప్పేస్తున్నారు. నాకు బాధ కలిగించేది ఇదే.

తర్వాత యాక్యుయేటర్, అంటే రాడ్‌తో టర్బో బూస్ట్‌ను అదుపు చేసే డబ్బా. వాక్యూమ్ రకమైతే చేతి పంపుతో వాక్యూమ్ ఇచ్చినప్పుడు రాడ్ సాఫీగా కదిలి, ఒక నిమిషం అక్కడే నిలబడాలి. నిలబడకపోతే లోపలి డయాఫ్రమ్ (రబ్బరు పొర) పోయినట్టు. ఎండకు పగిలిన సన్న రబ్బరు పైపు వల్ల కూడా వాక్యూమ్ అందదు, దాన్ని మార్చడానికి పెద్ద ఖర్చు కాదు. బూస్ట్ పెరుగుతుందని ఆ రాడ్ నట్టు తిప్పే అలవాటు మానుకోవాలి. టర్బో హద్దు దాటి తిరిగి షాఫ్టు విరుగుతుంది.

టర్బో షాఫ్టు నిమిషానికి లక్షన్నర చుట్లు దాటి తిరుగుతుంది, పల్చటి ఆయిల్ పొర మీద తేలుతూ. అందుకే చేత్తో పట్టి కదిపితే పైకీ కిందికీ కాస్త ఆట ఉండడం సహజమే. దాన్ని చూపించి టర్బో మార్చమంటే నమ్మొద్దు. ముందుకూ వెనక్కూ మాత్రం ఆట చేతికి తెలియకూడదు, మహా అయితే 0.1 మిల్లీమీటర్. రెక్కలు గోడకు రాసుకున్న గీతలు కనబడితే ఆ టర్బో పని అయిపోయినట్టే. కంప్రెసర్ (టర్బోలో గాలిని నెట్టే వైపు) రెక్కల అంచులు అరిగి పల్చబడితే ఫిల్టర్ తర్వాతి పైపులో దుమ్ము దూరుతోందని అర్థం. వాడపల్లి సిమెంటు ఫ్యాక్టరీల వైపు, వడ్ల కల్లాల దగ్గర తిరిగే బండ్లకు ఇది మరీ ఎక్కువ.

కొత్త టర్బో వేసిన కొద్ది రోజులకే పోవడానికి కారణం దాదాపు ఎప్పుడూ ఆయిలే. పాతదాన్ని చంపిన కారణాన్ని అలాగే వదిలి కొత్తది బిగిస్తారు. ఆయిల్ వచ్చే సన్న పైపులో బొగ్గులా గట్టిపడిన ఆయిల్ పేరుకుంటుంది, కడిగినా పోదు. ఆ పైపు, బాంజో బోల్టు (మధ్యలో ఆయిల్ దారి ఉన్న బోల్టు) వాషర్లు కొత్తవే వేయాలి. ఆయిల్, ఆయిల్ ఫిల్టర్ మార్చాలి. ఆయిల్ రంధ్రాల దగ్గర సిలికాన్ పేస్టు అసలు పూయకూడదు, ముక్క ఊడి దారికి అడ్డం పడితే షాఫ్టు క్షణాల్లో కాలిపోతుంది. గాస్కెట్ ఒక్కటే చాలు. ఆయిల్ సంప్‌కు (ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టికి) దిగే పైపు నిటారుగా ఉండాలి, నలగకూడదు. ఇంజన్ లోపలి ఆవిరి బయటికి పోయే బ్రీదర్ పైపు మూసుకుపోయినా సీల్‌ల నుంచి ఆయిల్ కారి, మంచి టర్బో మీద నింద పడుతుంది.

ఇంటర్‌కూలర్ విప్పి కడిగి పూర్తిగా ఆరబెట్టాలి. అందులో మిగిలిన ఆయిల్ ఇంజన్‌లోకి పోతే తాళం తీసినా బండి ఆగదు, ఆర్‌పీఎం దానంతట అదే పెరిగిపోతుంది. అప్పుడు బ్రేకు గట్టిగా తొక్కి, టాప్ గేరు వేసి, క్లచ్ వదిలి ఆపాలి, లేదా చెక్కతో గాలి దారి మూయాలి. చెయ్యి అడ్డం పెట్టకూడదు.

బిగించాక టర్బో ఆయిల్ రంధ్రంలో కొత్త ఆయిల్ పోసి, టర్బో రెక్కల చక్రాన్ని వేలితో నాలుగు చుట్లు తిప్పాలి. ఇంజెక్టర్ కనెక్టర్ తీసి 10, 15 సెకన్లు సెల్ఫ్ కొడితే ఆయిల్ పైకి వస్తుంది. కిందికి దిగే పైపు వదులు చేసి అక్కడ ఆయిల్ కారుతోందో లేదో కళ్లతో చూశాకే స్టార్ట్ చేయాలి. మూడు నాలుగు నిమిషాలు ఐడిల్‌లో ఉంచాలి, యాక్సిలరేటర్ ముట్టకూడదు. తర్వాత కూడా శ్రీశైలం ఘాట్ లాంటి ఎత్తు ఎక్కి ఆగినప్పుడు ఒక నిమిషం ఐడిల్‌లో వదిలి ఆపితే, వేడి షాఫ్టు మీద ఆయిల్ మాడిపోదు.

కొనేటప్పుడు కంప్రెసర్ మీది ప్లేటు నంబరు పాతదానితో అక్షరం అక్షరం కలవాలి. బీఎస్-4, బీఎస్-6 టర్బోలు పైకి ఒకేలా కనబడినా లోపల తేడా ఉంటుంది. రిపేరు చేసిన కార్ట్రిడ్జ్ (షాఫ్టు, రెక్కలు ఉండే టర్బో మధ్య భాగం) తీసుకుంటే మెషిన్ మీద బ్యాలెన్సింగ్ చేసిన కాగితం అడగండి. కాగితం లేకుండా ఇచ్చినవి సైరన్‌లా కూస్తూ త్వరగా సీల్ పోగొట్టుకుంటాయి.

నల్లగొండ, మహబూబ్‌నగర్ ఐటీఐలలో డీజిల్ మెకానిక్ పిల్లలకు బూస్ట్ లీకు పరీక్ష, ఆయిల్ పారుదల పరీక్ష చేతితో చేయించి నేర్పాలని అధికారులను కోరుతున్నాను. స్పేర్ పార్టుల దుకాణాలు బిల్లు మీద టర్బో నంబరు రాయాలి. టర్బో మార్చిన మెకానిక్కులు పాత టర్బోతో పాటు పాత ఆయిల్ పైపు కూడా ఓనర్ చేతికి ఇవ్వాలి. ఆ పైపును నిలువునా కోసి చూస్తే టర్బో ఎందుకు పోయిందో ఓనరే చూసుకుంటాడు.

ఇట్లు,
ఒక డీజిల్ మెకానిక్, నల్లగొండ