ఐరిస్ దుంపను పసుపు కొమ్ములా పాతిపెట్టొద్దు

సంపాదకులకు నమస్కారం.

న్యూజెర్సీలో ఉండే మన తెలుగువాళ్లు ఇంటి ముందు ఎండ తగిలే చోట బియర్డెడ్ ఐరిస్ అనే దుంప పూలమొక్క వేసుకుంటున్నారు, సంతోషం. కానీ ఆకులు ఏపుగా వచ్చినా పువ్వు మాత్రం రావడం లేదంటారు. చాలాసార్లు కారణం ఒకటే, దుంపను లోతుగా పాతిపెట్టడం. పసుపూ అల్లమూ నాటిన చేతులకు మట్టి కప్పందే మనసొప్పదు. ఐరిస్‌కు అది పనికిరాదు. దాని వీపుకు ఎండ తగలాలి.

నాటడానికి అదను జులై చివరి నుంచి సెప్టెంబరు మధ్య వరకు. మంచు పడే వేళకు కనీసం 6 వారాల ముందే నాటితే వేళ్లు ఊనుకుంటాయి. గుంట తీసి మధ్యలో మట్టితో చిన్న గట్టు కట్టండి. దుంపను దాని మీద పడుకోబెట్టి, వేళ్లను రెండు పక్కలకూ జార్చి, వేళ్ల మీదే మట్టి వేసి గట్టిగా అదమండి. దుంప పైభాగం కనబడుతూనే ఉండాలి. టెక్సాస్ లాంటి మండే ఎండల్లో మాత్రం పైన అరంగుళం మట్టి చల్లొచ్చు. ఆకుల్ని 6 అంగుళాలకు కత్తిరించి, మొక్కకూ మొక్కకూ అడుగున్నర ఎడం ఇవ్వండి. ఒకసారి బాగా తడిపాక, పైమట్టి ఆరితేనే మళ్లీ నీళ్లు.

రోజుకు 6 గంటల ఎండ తప్పనిసరి. మధ్య న్యూజెర్సీ ఎర్ర బంకనేలలో నీరు నిలుస్తుంది కాబట్టి మడిని అర అడుగైనా ఎత్తు చేయాలి. లాన్‌కు వేసే ఎరువు ఇటు పడనివ్వకండి. నత్రజని ఎక్కువైతే ఆకు మెత్తబడి కుళ్లు తొందరగా పడుతుంది. నత్రజని తక్కువుండే 5-10-10 రకం ఎరువు వసంతం మొదట్లో కొద్దిగా వేస్తే చాలు. దుంపల మీద చెక్కపొట్టు (మల్చ్) కప్పడం అసలే వద్దు.

కుళ్లు పడితే ఆకుల గుత్తి చేతికి ఊడొస్తుంది, దుంప నొక్కితే గుజ్జుగా కారుతుంది, కంపు భరించలేం. తవ్వి తీసి, గట్టి తెల్ల కండ తగిలేదాకా చెంచాతో గోకేయండి. 1 వంతు బ్లీచ్, 9 వంతుల నీళ్లలో పది నిమిషాలు ముంచి, ఒకట్రెండు రోజులు ఎండబెట్టి మళ్లీ నాటండి. మే నెలలో ఆకు అంచున రంపంతో కోసినట్టు గాట్లు, తడి చారలు కనిపిస్తే అది తొలుచు పురుగు. ఆకుల మడతలోనే నలిపేయాలి. దుంపలోకి దిగితే లోపలంతా తినేస్తుంది. దాని గుడ్లు ఎండుటాకుల మీదే చలికాలం గడుపుతాయి, అందుకే నవంబరులో ఆ ఆకులన్నీ ఏరి చెత్తలో పడేయండి.

ఒకసారి పూసిన దుంప మళ్లీ పూయదు, దాని పక్క పిలకలే పూస్తాయి. మూడు నాలుగేళ్లకోసారి తవ్వి, తల్లి దుంపను తీసేసి పిలకల్ని విడదీయాలి. రంగులు ఎంచుకోవాలంటే మే చివర్లో మాంట్‌క్లేర్‌లోని ప్రెస్బీ ఐరిస్ తోటకు వెళ్లండి. 1927 నుంచి ఉన్న తోట అది.

హైదరాబాద్, విజయవాడల్లో ఉన్న అమ్మానాన్నలకు సూట్‌కేసులో దుంపలు పట్టుకెళ్లకండి. అక్కడి చలి వీటికి చాలదు, మొగ్గ వేయవు. పైగా అనుమతి పత్రాలు లేకుండా మొక్కలు, దుంపలు దేశంలోకి తేవడం క్వారంటైన్ నిబంధనలకు విరుద్ధం.

— ఒక పాఠకురాలు, ఎడిసన్, న్యూజెర్సీ